కోళ్ళగూడు నంబరు ఎనభై నాలుగు

ఇండియానా రాష్ట్రం మొత్తానికి తీగ మీంచి గడ జారనివ్వని ట్రాలీ డ్రైవరు ఒక్కడంటే ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు వెర్లిన్ హాస్కెట్. నమ్మకపోతే ఈ మాట కాగితం మీద రాసి పట్టుకురండి, కింద వేలిముద్ర వేస్తాను. సంతకమైతే నాది కాదని తరవాత బొంకవచ్చు. వేలిముద్ర బొంకదు.

గడ ఏమిటి, జారడమేమిటి అంటారా? మా లారెల్ జంక్షన్ మ్యూజియంలో ఉన్న బండ్లన్నీ కరెంటు బండ్లే. ఒకప్పుడు మొక్కజొన్న చేలను చీల్చుకుంటూ ఊరికీ ఊరికీ మధ్య తిరిగినవి. పైన రాగి తీగ, బండి నెత్తిన పొడుగాటి గడ, ఆ గడ కొసన అరచేతిలో పట్టేంత ఇత్తడి చక్రం. ఆ చక్రం తీగను కిందినుంచి అంటిపెట్టుకున్నంత సేపే బండికి ప్రాణం. మలుపులో ఒళ్ళు మరిచారా, చక్రం తీగను వదిలేస్తుంది. గడ పొడవబోయే ఎద్దు కొమ్ములా పైకి లేస్తుంది. దీపాలు ఆరిపోతాయి. బండి అలిగిన పెళ్ళికొడుకులా ఉన్నచోట చతికిలబడుతుంది. కండక్టరు దిగి, వెనక తాడు పట్టి లాగి, చక్రాన్ని మళ్ళీ తీగకు తగిలించేదాకా అంతే సంగతులు.

అది అక్కడితో పోదు. మా షెడ్డు వాకిలి మీద ఒక మేకుంది. గడ జారవిడిచినవాళ్ళు టోపీ తీసి ఆ మేకుకు తగిలించి, ఆ ఏడు మిగిలిన రోజులన్నీ బోడినెత్తితో బండి తోలాలి. అదీ మా ఆచారం. మాలో ఆ మేకును చూడని టోపీ లేదు. షికాగోలో ముప్పై ఏళ్ళు సిటీబస్సు తోలి వచ్చి, ఇప్పుడు మా మ్యూజియంలో భద్రత చూసుకునే నడీన్ కూబియాక్ టోపీ కూడా రెండుసార్లు ఊగింది. వెర్లిన్‌ది మాత్రం ఊగలేదు.

"నా టోపీకి ఆ మేకు అంటే భయం తల్లీ," అనేవాడు వెర్లిన్. "ఇంట్లో కూడా కుర్చీ మీదే పడుకుంటుంది."

"టోపీ సంగతి సరేనయ్యా. దాని కింద ఏమైనా ఉందా అని నా అనుమానం," అనేది నడీన్.

వెర్లిన్‌కు రెండు విద్యలు వచ్చు. ఒకటి బండి తోలడం, రెండోది కోతలు కోయడం. ఎనభై నాలుగో నంబరు బండి తన పడుచుతనంలో ఎంత జోరుగా పోయేదంటే, దాని నీడ తరవాతి స్టేషనుకు అయిదు నిమిషాలు ఆలస్యంగా చేరేదట. ప్రయాణికులు నీడ కోసం ప్లాట్‌ఫారం మీద కూచునేవారట. చూడటానికి వచ్చిన పిల్లలకు ఈ మాట కళ్ళార్పకుండా చెప్పేవాడు. పిల్లలు నమ్మేవారు కాదు గాని, వాళ్ళ నాన్నలు బండి కింద నీడ ఉందో లేదోనని వంగి చూసేవారు.

ఆ ఎనభై నాలుగుతోనే ఇప్పుడు వెర్లిన్‌కు వచ్చిపడింది చిక్కు.

లైను మూతపడ్డప్పుడు కంపెనీవాళ్ళు చక్రాలూ మోటార్లూ పాత ఇనుముకు అమ్మేసుకుని, ఒట్టి పెట్టెను రింకర్లనే రైతుల పొలంలో దింపి పోయారు. రింకర్లు అందులో కోళ్ళు పెట్టారు. ఎన్ని తరాల కోళ్ళో ఆ చెర్రీ చెక్క గోడల మధ్య గుడ్డు పగలగొట్టుకుని లోకం చూశాయి. వెర్లిన్ మొదటిసారి తొంగిచూసిన రోజున లోపల మోకాలెత్తు రెట్ట. దాన్ని పారతో ఓ మూల గీకితే కింద తేనెరంగు చెక్క, ఆ చెక్కలో సన్నగా పొదిగిన నల్ల గీత, అప్పుడే వార్నిష్ వేసినట్టు తళతళ మెరిసింది. వెర్లిన్ పార పక్కన పెట్టి, టోపీ తీసి, కోళ్ళ మధ్యే కాసేపు అలా కూచుండిపోయాడట. రెట్టే చెక్కను కాపాడిందని వాడి వాదన. అవునో కాదో నాకు తెలియదు గాని, కోళ్ళకు ఆ గౌరవం ఇస్తే మన సొమ్మేం పోయింది?

పొలం యజమానురాలు ఆల్టా రింకర్ బండిని ఊరికే ఇచ్చేసింది. ఊరికే అంటే ఊరికే కాదు. ఒక్క మాట తీసుకుంది.

"చూడబ్బాయ్," అంది. అప్పటికే అబ్బాయికి యాభై దాటాయి. "బాగుచేసుకోండి, రంగులేసుకోండి, మీ ఇష్టం. ఆ నంబరు మాత్రం నేను చెప్పేదాకా రాయకండి. చిన్నప్పుడు ఈ బండెక్కి బడికి పోయినదాన్ని. అది మా బండేనని నాకు అనిపించాలి. అనిపిస్తే రాసుకోండి. అనిపించకపోతే మరే నంబరైనా వేసుకోండి, ఎనభై నాలుగు మాత్రం కాదు."

"ఎలా అనిపిస్తుందండీ మీకు? గుర్తేమిటి?" అన్నాడు వెర్లిన్.

"అది చెప్పను. చెబితే నువ్వు తయారుచేసి పెడతావు. నీ సంగతి నాకు తెలీదూ?"

వెర్లిన్ చెయ్యి కలిపాడు. మా వైపు చెయ్యి కలిపితే రాసిచ్చినట్టే.

పంతొమ్మిదేళ్ళు పట్టింది. చక్రాలు అయోవా నుంచి వచ్చాయి, మోటార్లు ఒహాయోలో ఒక పాత ఇనప సామాను కొట్టు నుంచి. పేము అల్లిక సీట్లు కూలగొడుతున్న ఒక సంఘం హాల్లో దొరికాయి. కిటికీల పైన అర్ధచంద్రాకారంలో రంగు గాజులుండేవి, ఆకుపచ్చా తేనెరంగూ కలిసి. పగిలినవాటి బదులు అదే రంగు గాజు కోసం వెర్లిన్ మూడు రాష్ట్రాలు తిరిగాడు. ఆ పెట్టె మళ్ళీ పట్టాల మీద నిలబడ్డ రోజున మేమంతా షెడ్డు బయట చేతులు కట్టుకుని నిలబడ్డాం. ఒకడి నోట మాట లేదు. మా గుంపులో మాట లేకపోవడమంటే అది నిజంగా వింతే. ముదురాకుపచ్చ ఒళ్ళు, నిలువెత్తు కిటికీలు, ముందు గుండ్రటి నుదురు, ఆ నుదుట ఒకే ఒక దీపం. గుర్రాన్ని చూసినట్టు దాని చుట్టూ తిరిగి చూశాం. పళ్ళు చూడడానికి లేవు గాని, ఉంటే చూసేవాళ్ళమే.

పక్కన నంబరు ఉండాల్సిన చోటు మాత్రం ఖాళీ. ఎల్డన్ ప్రూయిట్ అక్కడికి రోజూ వచ్చి నిలబడి తల పంకించేవాడు. ఎల్డన్ బతుకంతా కొట్లకు బోర్డులు రాసినవాడు, ఇప్పుడు మాకు కండక్టరు. బంగారు రేకు కొని చొక్కా జేబులో పెట్టుకు తిరిగేవాడు.

"బొట్టులేని మొహంలా ఉందిరా," అనేవాడు వెర్లిన్‌తో. "ఆవిడ కాదంటే ఏం రాయమంటావు? కోళ్ళగూడు అని రాయనా?"

వెర్లిన్ నవ్వేవాడు గాని ఆ నవ్వు మీసం దాటి పైకి వెళ్ళేది కాదు. నంబరు లేకపోయినా బండి నడుస్తుంది, అది వాడికీ తెలుసు. కాని నీడ సంగతి మొదలుకుని ఎనభై నాలుగు గురించి వాడు కోసిన కోతలన్నిటికీ ఆధారం ఆ రెండంకెలే. ఆవిడ కాదంటే ఇన్నేళ్ళూ తను సాకింది పరాయి బిడ్డనే అవుతుంది.

అక్టోబరు చివరి ఆదివారం, ఆ ఏటికి బండ్లు ఆపేసే రోజు, ఆల్టా రింకర్ వచ్చింది. తొంభై దాటాయి, చేతికర్ర వచ్చింది, నాలుక మాత్రం అలాగే ఉంది. రెండో చేతిలో మూతున్న బుట్ట.

"బుట్టలో ఏమిటండీ?" అంది నడీన్. ఆ వారం ఎవరో చక్కెరా మీగడా పోసి కాల్చిన తీపి రొట్టె తెస్తామని ఊరించి తేలేదు. ఆ ఆశ గొంతులో వినిపించింది.

"పాత కాపురస్తురాలు," అంది ఆల్టా.

మూత పక్కనుంచి ఒక ఎర్రకోడి తల బయటపెట్టి నడీన్‌ను ఎగాదిగా చూసింది.

"బండ్లోకి జంతువుల్ని ఎక్కించం. నిబంధన."

"ఇది జంతువా? పక్షి. దీని ముత్తవ్వలందరూ ఈ బండ్లోనే పుట్టారు. నీ నిబంధన ఎక్కడ పుట్టిందమ్మాయ్?"

నడీన్ వెర్లిన్ వైపు చూసింది. వెర్లిన్ ఆకాశం వైపు చూశాడు. ఎల్డన్ రెండు టిక్కెట్లు తీసి, రెండోదానికి అరటిక్కెట్టు కింద చిన్నపిల్లల చిల్లు కొట్టి, బుట్ట పిడిలో దోపాడు.

ఆల్టా మెట్టెక్కి లోపల నిలబడింది. మధ్యాహ్నపు ఎండ రంగు గాజుల్లోంచి దిగి సీట్ల మీదా ఆవిడ తెల్లజుట్టు మీదా ఆకుపచ్చగా, తేనెరంగుగా పరుచుకుంది. ఆవిడ చెక్కను చేత్తో తడిమింది. బండి ఎటు పోతే అటు తిరిగే సీటు వీపు పట్టి అటునుంచి ఇటు తిప్పింది. అది టక్కున పడింది. వెర్లిన్ ఆవిడ మొహంలోకి చూశాడు.

"ఊఁ," అంది ఆల్టా.

అంతే. పోయి డ్రైవరు వెనక మొదటి సీట్లో కూచుంది, బుట్ట పక్కన పెట్టుకుని.

వెర్లిన్ జేబులోంచి బ్రేకు పిడి తీసి తగిలించాడు, జోరు పెంచే కంట్రోలర్ పిడి మీద చెయ్యి వేశాడు. గాలి పంపు టకటకమని ఆగింది. ఎల్డన్ వెనకనుంచి రెండుసార్లు గంట లాగాడు. బండి కదిలింది. నిండుకుండ నెత్తిన పెట్టుకుని నడిచే మనిషిలా కదిలింది. ఒక మెట్టు, ఇంకో మెట్టు, మరొకటి. కుదుపు లేదు, ఉలుకు లేదు. బ్రేకు వేస్తే బుట్టలో కోడి కూడా ముందుకు తూలలేదు. ఇంత బాగా బండి తోలడం మేమెవరం అంతకుముందు చూడలేదు. నడీన్ సైతం వాడి పక్కన నిలబడి, చూడనట్టు చూస్తోంది.

పట్టాలకు రోడ్డు అడ్డమొచ్చినచోట వెర్లిన్ కూత వేశాడు. పొడుగు, పొడుగు, పొట్టి, పొడుగు.

"కూత గుర్తుందా అండీ?"

"ఊఁ."

కాలితో గంట తొక్కాడు. ఆ ఇత్తడి గంట మోత చేల మీదుగా పోయి, ఎవరి పాకకో తగిలి మళ్ళీ వచ్చింది.

"ఆ గంట అప్పటిదేనండీ. మీ గడ్డివాములో దొరికింది."

"ఊఁ. నేనే దాచాను."

మరో మైలు పోయాక ఆవిడ ముందుకు వంగి వెర్లిన్ భుజం తట్టింది.

"అబ్బాయ్. బండి చాలా బావుంది. ఇంత అందం మళ్ళీ చూస్తాననుకోలేదు. ఇంతమంది ఇంత శ్రద్ధగా చేశారు, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

వెర్లిన్‌కు ఆ మెచ్చుకోలు చెవుల్లో పడ్డకొద్దీ గుండె కిందికి జారింది. దీవెన తరవాత వచ్చేదేమిటో వాడు ఎరుగును.

"కాని ఇది మా బండి కాదేమో," అంది ఆల్టా. "ఇది మర్యాదస్తుల బండి. చొక్కా మాదే గాని లోపలి మనిషి ఎవరో. అయోవావాడో, ఒహాయోవాడో."

ముందు తిన్నటి దారి, అటూ ఇటూ కోసేసిన మొక్కజొన్న మోళ్ళు, దూరంగా మస్క్‌రాట్ వాగు దగ్గర మలుపు, దాని అవతల రింకర్ల గేటు. ఇక మిగిలింది అంతే. నడీన్ వైపు చూశాడు. ఆ తిన్నటి దారిలో ఎంత జోరైనా పోవచ్చని నిబంధనలో ఉంది. ఆ నిబంధన రాసింది నడీనే.

"పోనియ్యి," అంది నడీన్. "ఇంక దాచుకుని ఏం చేస్తావు?"

వెర్లిన్ కంట్రోలర్ పిడి చివరిదాకా తిప్పాడు.

ఇక్కడ మా వాళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మాకు బండి అందం కళ్ళతో చూడటం సగమే. తక్కిన సగం చెవుల్లో ఉంది. జోరందుకున్న పాత బండి గేర్లు పాడతాయి. ఎక్కడో నేల అడుగున మూలుగులా మొదలై, మెట్టు మెట్టు ఎక్కి, గొంతు విప్పి, చివరికి ఒకే స్వరం మీద నిలబడతాయి. పాదాల్లోంచి ఎక్కి పళ్ళలో మోగుతుంది ఆ స్వరం. ఆ పాట కోసం మావాళ్ళు వందల మైళ్ళు కారులో వస్తారు. వచ్చి, కళ్ళు మూసుకుని, నోరు కొద్దిగా తెరుచుకుని, పాలు తాగే పసివాళ్ళలా కూచుంటారు. ఎనభై నాలుగు ఆ రోజున మొదటిసారి పూర్తి గొంతుతో పాడింది. ఒహాయో మోటార్లూ అయోవా చక్రాలూ ఇండియానా చెక్కా కలిసి పాడాయి. కిటికీ అద్దాలు వంత పాడాయి.

వాగు మలుపు ముందు ఒక బోర్డుంది. 'నెమ్మది' అని ఎర్రగా, మనిషంత ఎత్తున ఎల్డన్ తన చేత్తో రాసింది. ఆ మలుపులో తాడు పట్టుకుని గడను కనిపెట్టడం కూడా ఎల్డన్ పనే. నెమ్మది అని గుర్తుచెయ్యడం నడీన్ పని. పిడి వెనక్కి తిప్పడం వెర్లిన్ పని. బోర్డు వచ్చింది, పోయింది. ముగ్గురి కళ్ళూ మూసుకునే ఉన్నాయి.

ఫట్!

పైన తీగ మీద నీలంగా ఒక మెరుపు. గడ కప్పు మీద దబదబా కొట్టుకుని ఆకాశంలోకి లేచింది. దీపాలు ఆరాయి. పాట సగంలో తెగింది. బండి తన ఊపున తాను కొంత దూరం దొర్లి, వెర్లిన్ బ్రేకు వేశాక, అలిసిపోయిన ఎద్దులా ఒక నిట్టూర్పు విడిచి ఆగింది.

చేలో ఎండాకు గలగల. వెర్లిన్ చెయ్యి దానంతటదే టోపీ మీదికి పోయింది. వాడికి టోపీ గురించిన బెంగ కూడా సరిగ్గా లేదు అప్పుడు. ఆ ముసలావిడకు కుదుపు తగలకుండా, దీపం ఆరకుండా తీసుకొస్తానని అందరితో చెప్పుకున్నాడు. ఇన్నేళ్ళ కష్టం ఆవిడ గేటు ముందే మంటగలిసింది. వెనక్కి తిరిగి చూడటానికి ధైర్యం చాలలేదు.

వెనకనుంచి ఒక శబ్దం. ఏడుస్తోందనుకున్నాడు. తిరిగి చూస్తే ఆల్టా రింకర్ చేతికర్ర మీద వాలిపోయి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వుతోంది.

"ఇదే!" అంది. "ఇదేరా అబ్బాయ్! ఇదే మా బండి!"

"ఏమిటండీ?"

"ఇక్కడే, సరిగ్గా ఈ వంపులోనే జారేది! వారానికి మూడుసార్లు! డ్రైవరుకు ఇంటికి పోయే తొందర. శీతాకాలం సాయంత్రం బండి నిండా చీకటి, కండక్టరు వెనక తాడు పట్టుకుని బూతులు. నేనూ నా స్నేహితులూ ఆ బూతులు నేర్చుకోడానికే వెనక సీట్లో కూచునేవాళ్ళం. మా నాన్న అదిగో ఆ గేటు దగ్గర లాంతరు పట్టుకుని ఉండేవాడు. దీపాలు ఆరగానే కేకేసేవాడు, 'వచ్చింది మన గుడ్డిబండి! అమ్మాయిని దింపండ్రా!' అని. గడ మళ్ళీ తగిలించేలోగా నేను దిగి ఇంటికి పోయి బన్ను కూడా తినేసేదాన్ని."

"మరి ఆ గుర్తు ముందే చెప్పొచ్చు కదండీ," అన్నాడు వెర్లిన్.

"చెబితే నువ్వు కావాలని జారవిడుస్తావు. అప్పుడు అది నీ బుద్ధి అవుతుంది, దీని బుద్ధి కాదు." ఆవిడ కిటికీ చెక్కను పశువు మెడ నిమిరినట్టు నిమిరింది. "చక్రాలు ఎక్కడివైతేనేం. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదు. రాసుకోండి మీ నంబరు."

ఎల్డన్ వెనక తలుపు దగ్గర తాడు పట్టుకుని నిలబడినవాడల్లా టోపీ ఎగరేసి కేక పెట్టాడు. నడీన్ కళ్ళు తుడుచుకుని, వెర్లిన్ ముందు చెయ్యి చాపింది.

"టోపీ."

"ఇదుగో తల్లీ. నాకు గుర్తుచెయ్యాల్సిన నువ్వు కూడా కళ్ళు మూసుకున్నావుగా?"

"నేను డ్యూటీలో లేను. పాట వింటున్నాను."

వెర్లిన్ బోడినెత్తి మీద తేనెరంగు వెలుగు పడుతుండగా బండి తిరిగివచ్చింది. షెడ్డు వాకిట్లో వాడే నిచ్చెన తెచ్చుకుని, వాడే ఎక్కి, టోపీ మేకుకు తగిలించి, అది వంకరగా ఉందని దిగి చూసి, మళ్ళీ ఎక్కి సరిచేశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఈల వేస్తూనే ఉన్నాడు. గేర్ల పాట, పక్కా అదే స్వరం.

ఇక మొదట్లో నేను వేస్తానన్న వేలిముద్ర సంగతి. కాగితం తెచ్చినవాళ్ళెవరైనా ఉంటే దాన్ని చింపేసి బన్నుకు చుట్టుకోండి. ఇండియానాలో గడ జారనివ్వని డ్రైవరు లేడు. ఉన్నా వాడిని మా బండి ఎక్కనివ్వం.

ఆ సాయంత్రం వెలుగుండగానే ఎల్డన్ జేబులోని బంగారు రేకు బయటికి తీశాడు. రేకు అంటాలంటే జిగురు కావాలి. మలుపు దగ్గర బండి నిశ్శబ్దంగా ఆగి ఉన్నప్పుడు ఎర్రకోడి బుట్టలోంచి దిగి, డ్రైవరు వెనక పేము సీటు మీద తన ముత్తవ్వల చోటు చూసుకుని, గోధుమరంగు గుడ్డు ఒకటి పెట్టింది. ఎల్డన్ ఆ గుడ్డు తెల్లసొన గిలకొట్టి, కుంచెతో పూసి, దాని మీద రేకు పరిచాడు. ఎనభై నాలుగు ఇప్పటికీ ఆకుపచ్చ మీద ధగధగలాడుతోంది. పొద్దు వాలే వేళకు దూరపు రోడ్డు మీద కార్లు ఆపి మరీ చూసి పోతారు. వెళ్ళి చూడండి. అంత అందమైన అంకెలు మళ్ళీ చూడరు.

కోడి రావడం నిజం. ఎల్డన్ దానికి టిక్కెట్టు కొట్టడమూ నిజమే, చిన్నపిల్లల చిల్లుతో సహా. రేకు అంటించిన జిగురు మాత్రం కొట్లో డబ్బు పెట్టి కొన్నది. ఆ గుడ్డు పెట్టింది కోడి కాదు, నేను.